ఒకే కారు, రెండు లెక్కలు: యూరప్ క్యారవాన్‌కీ అమెరికా ట్రెయిలర్‌కీ అసలు తేడా ఎక్కడుంది?

2019లో వచ్చిన తరం టయోటా రావ్4 హైబ్రిడ్, ఆల్ వీల్ డ్రైవ్ మోడల్ తీసుకుందాం. జర్మనీలోనో ఇంగ్లండ్‌లోనో కొన్నవాళ్ళకి బ్రేకులున్న ట్రెయిలర్‌ని 1,650 కిలోల వరకూ లాగొచ్చని కాగితాల్లోనే రాసి ఇచ్చారు. అమెరికాలో అదే బండికి కంపెనీ చెప్పిన అంకె 1,750 పౌండ్లు, అంటే దాదాపు 795 కిలోలు. సగం కూడా లేదు. సముద్రం దాటినంత మాత్రాన ఇంజన్ బలం సగానికి సగం పడిపోదు కదా?

మనవాళ్ళు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు. డాలస్‌లో ఉన్న కుటుంబం ఎండాకాలం సెలవులకి ట్రెయిలర్ తీసుకుని యెల్లోస్టోన్ వెళ్దామనుకుంటుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న బంధువులు మామూలు స్టేషన్ వ్యాగన్‌కి క్యారవాన్ తగిలించుకుని ఇటలీ వెళ్ళొస్తారు. (సినిమా షూటింగుల దగ్గర కనిపించే ఇంజన్ ఉన్న క్యారవాన్ కాదు ఇది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఇల్లు.) ఫోన్లో మాట్లాడుకున్నప్పుడు వాళ్ళ అంకెలు వీళ్ళకి, వీళ్ళ అంకెలు వాళ్ళకి అర్థం కావు. "పెద్ద పికప్‌లు అమ్ముకోవడానికే అమెరికా కంపెనీలు చిన్న కార్ల అంకె తగ్గిస్తాయి" అని ఒకరంటారు. "యూరప్‌వాళ్ళకి భయం లేదు, ఏది పడితే అది లాగేస్తారు" అని ఇంకొకరు. ఈ రెండు మాటలూ అసలు విషయాన్ని వదిలేస్తున్నాయి. ఎంత లాగొచ్చు అన్న అంకె ఒక్క కారుది కాదు. కారు, కొక్కెం, ట్రెయిలర్, బ్రేకు, రోడ్డు మీద వెళ్ళే వేగం, ఇవన్నీ కలిపిన ఏర్పాటుది. అందులోంచి ఒక్క ముక్కని తీసి అవతలి దేశపు ఏర్పాటులో పెడితే లెక్క తప్పుతుంది, కొన్నిసార్లు ప్రమాదకరంగా తప్పుతుంది.

బంతి మీద పడే బరువు

ట్రెయిలర్ బరువులో ఎక్కువ భాగం దాని సొంత చక్రాలే మోస్తాయి. కొంత భాగం మాత్రం ముందుకి మొగ్గి, కారు వెనకున్న కొక్కెం బంతి మీద పడుతుంది. అమెరికాలో దీన్ని టంగ్ వెయిట్ అంటారు, ఇంగ్లండ్‌లో నోజ్ వెయిట్ అంటారు. ఎడ్లబండికి బస్తాలు ఎత్తినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. బరువు ఇరుసుకి ముందుకి ఎక్కువైతే కాడి ఎద్దుల మెడలు నలిపేస్తుంది, వెనక్కి ఎక్కువైతే కాడే పైకి లేస్తుంది. కాకపోతే ఎడ్లబండి నడిచే వేగంలో వెనక మొగ్గు ఇబ్బంది పెడుతుందే తప్ప ప్రాణం మీదికి తేదు. గంటకి 100 కిలోమీటర్ల దగ్గర పరిస్థితి వేరు.

బంతి మీద బరువు చాలనప్పుడు ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. పక్కనుంచి లారీ దూసుకుపోయినా, గాలి ఒక్కసారి తోసినా ట్రెయిలర్ ఒక పక్కకి వెళ్ళి, వెనక్కి వచ్చి, రెండో పక్కకి వెళ్తుంది. ప్రతి కారు, ట్రెయిలర్ జోడీకీ ఒక హద్దు వేగం ఉంటుంది. దానికి తక్కువలో ఉంటే ఊపు దానంతటదే తగ్గి సర్దుకుంటుంది. దాటితే ప్రతి ఊపూ ముందుదాని కంటే పెద్దదవుతుంది, చివరికి కారునే తిప్పి పడేస్తుంది. బంతి మీద బరువు పెంచితే ఆ హద్దు వేగం పెరుగుతుంది.

అమెరికాలో ఒప్పుకున్న పద్ధతి ప్రకారం ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బంతి మీద ఉండాలి. ఇంగ్లండ్‌లో 5 నుంచి 7 శాతం చాలంటారు. జర్మనీ క్యారవాన్లయితే 4, 5 శాతంతోనే తిరుగుతుంటాయి. ఇప్పుడు చిన్న భాగహారం చేద్దాం. ఒక మామూలు కారు వెనక భాగం 80 కిలోల నిలువు బరువుని మోయగలదు అనుకుందాం. 10 శాతం లెక్కన అది 800 కిలోల ట్రెయిలర్‌ని లాగొచ్చు. 5 శాతం లెక్కన 1,600 కిలోలు. రావ్4కి రెండు ఖండాల్లో ఇచ్చిన అంకెలు దాదాపు ఇవే. కంపెనీ లెక్కలో ఇంజన్ వేడి, గేర్‌బాక్సు, వారంటీ ఇలా ఇంకా చాలా ఉంటాయి. కానీ సగానికి సగం తేడా ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క భాగహారం చాలా దూరం తీసుకెళ్తుంది.

మరి యూరప్‌లో 5 శాతంతో ఎలా నెట్టుకొస్తున్నారు? ట్రెయిలర్లు అక్కడ ఊగవా?

వేగమే మూలం

జర్మనీ ఆటోబాన్ మీద కార్లకి కొన్ని చోట్ల వేగ పరిమితే ఉండదన్నది అందరికీ తెలుసు. ఆ ఆటోబాన్ మీదే వెనక క్యారవాన్ ఉంటే మాత్రం గంటకి 80 కిలోమీటర్లు దాటకూడదు. 100 వెళ్ళాలంటే 'టెంపో 100' అనే ప్రత్యేక అనుమతి తీసుకుని, బండి వెనక స్టిక్కర్ అంటించుకోవాలి. దానికి కారులో ఏబీఎస్ ఉండాలి, ట్రెయిలర్ టైర్లు ఆరేళ్ళ లోపువై ఉండాలి, కారు బరువుకీ క్యారవాన్ బరువుకీ మధ్య నిష్పత్తి కుదరాలి. షాక్ అబ్సార్బర్లు, ఊపు తగ్గించే కొక్కెం ఉంటేనే క్యారవాన్ బరువు కారు బరువుకి సమానంగా ఉండనిస్తారు. నెదర్లాండ్స్‌లో పరిమితి 90. ఇంగ్లండ్ మోటార్‌వే మీద 60 మైళ్ళు, అంటే 96 కిలోమీటర్లు. ఫ్రాన్స్ లాంటి చోట తేలికపాటి జోడీలకి కాస్త ఉదారంగా ఉంటారు గానీ, మొత్తం మీద యూరప్ క్యారవాన్ని తయారుచేసేవాళ్ళ మనసులో ఉండేది 80 నుంచి 100 మధ్య వేగమే.

అమెరికాలో కాలిఫోర్నియా ట్రెయిలర్ లాగేవాళ్ళని 55 మైళ్ళకి, అంటే 88 కిలోమీటర్లకి కట్టడి చేసింది. చాలా రాష్ట్రాల్లో అలాంటి విడి పరిమితి లేదు. కార్లతో పాటే 70, 75 మైళ్ళలో వెళ్ళిపోతుంటారు. 80 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 110 దగ్గర బండిలో ఉండే శక్తి దాదాపు 1.9 రెట్లు. గాలి తోపుడు కూడా అదే లెక్కలో పెరుగుతుంది. ఒకచోట చట్టం వేగాన్ని తగ్గించి భద్రత తెచ్చుకుంది, ఇంకోచోట బంతి మీద బరువు పెంచి తెచ్చుకున్నారు. నన్నడిగితే ఈ మొత్తం తేడాల్లో మిగతావన్నీ దీని వెనక వచ్చినవే.

రెండు రకాల ఇళ్ళు

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడుంది అన్నదీ లెక్కే. యూరప్ క్యారవాన్‌లో ఇరుసు దాదాపు మధ్యలో ఉంటుంది. బరువైన సామాన్లు ఇరుసు మీదే సర్దుకోమని కంపెనీలూ క్లబ్బులూ పదే పదే చెబుతాయి. గోడలు శాండ్‌విచ్ ప్యానెళ్ళు, కింద చిల్లులు కొట్టిన పల్చని గాల్వనైజ్డ్ ఉక్కు ఛాసిస్, రబ్బరు టార్షన్ ఇరుసు. నిండా సర్దినా చాలావాటి బరువు 1,200 నుంచి 1,800 కిలోల లోపే. టాయిలెట్ కింద దాదాపు 20 లీటర్ల క్యాసెట్ ఉంటుంది, నిండగానే చేత్తో తీసుకెళ్ళి క్యాంప్‌సైట్‌లో ఖాళీ చేసుకోవాలి. వాడిన నీళ్ళు బయట పెట్టిన డబ్బాలోకి పోతాయి. గది చాలకపోతే పక్కన గుడ్డ గుడారం తగిలిస్తారు.

అమెరికా ట్రెయిలర్ పూర్తిగా వేరే ఆలోచన. కింద ఐ బీమ్ ఉక్కు ఫ్రేము, పైన చెక్క చట్రానికి అల్యూమినియం రేకు, లేదా ఫైబర్‌గ్లాస్ అంటించిన గోడలు, అడుగున లీఫ్ స్ప్రింగులు. బటన్ నొక్కితే గోడ బయటికి జరిగి హాలు పెద్దదవుతుంది. మంచినీళ్ళకి, వంటగది నీళ్ళకి, టాయిలెట్‌కి విడివిడిగా 100 లీటర్లు దాటే ట్యాంకులు ఉండటం మామూలే. పైకప్పు మీద పెద్ద ఏసీ. టెక్సస్ ఎండలో, కరెంటు కనెక్షన్ లేని ఫారెస్టు స్థలంలో నాలుగు రోజులు ఉండాలంటే ఇవన్నీ కావాల్సినవే, విలాసం అనడానికి లేదు. కానీ అలాంటి ట్రెయిలర్ 2,300 నుంచి 3,200 కిలోలు తూగుతుంది. పొడవెక్కువ, ఎత్తెక్కువ. ముందో చివర బరువు, వెనకో చివర బరువు ఉండటంతో ఒకసారి ఊగడం మొదలైతే ఆపడం కష్టం. అందుకే ఇరుసుల్ని మధ్య నుంచి వెనక్కి జరిపి, బంతి మీద బరువు పెంచుతారు.

ఇండియానా రాష్ట్రంలో ఎల్ఖార్ట్ అనే ఊరి చుట్టుపక్కల అమెరికా ట్రెయిలర్లలో అత్యధిక భాగం తయారవుతాయి. అక్కడి థోర్ ఇండస్ట్రీస్ 2019లో జర్మనీకి చెందిన ఎర్విన్ హైమర్ గ్రూపుని కొనేసింది. ఇప్పుడు అమెరికా ట్రెయిలర్ బ్రాండు ఎయిర్‌స్ట్రీమ్ యజమానీ, జర్మనీ క్యారవాన్ బ్రాండు డెత్‌లెఫ్స్ యజమానీ ఒక్కరే. అయినా రెండు చోట్లా రెండు రకాల బళ్ళే తయారవుతున్నాయి. యజమాని ఒకరైనంత మాత్రాన కలిసిపోయే తేడా కాదిది.

కొక్కెం దగ్గర కూర్చుని చూస్తే

బంతి మీద 200 కిలోలు పెట్టామనుకోండి. బంతి వెనక ఇరుసుకి 1.1 మీటర్ల వెనక ఉంది, కారు ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.7 మీటర్లు. మీట సూత్రం ప్రకారం వెనక ఇరుసు మీద పడేది 200 కాదు, సుమారు 281 కిలోలు. ఆ అదనపు 81 కిలోలు ముందు చక్రాల మీంచి లేచిపోయినవి. స్టీరింగ్ తిప్పేది, ఎక్కువగా బ్రేకు వేసేది ముందు చక్రాలే. అవి తేలికైతే కారు మాట వినదు.

దీనికి అమెరికా కనిపెట్టిన మందు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. కొక్కెం తలకి రెండు బలమైన స్ప్రింగు కడ్డీలు ఉంటాయి. బంతికి తగిలించాక జాక్‌తో కారు వెనక భాగాన్నీ ట్రెయిలర్ మూతినీ కలిపి పైకెత్తి, కడ్డీల రెండో చివరల్ని ట్రెయిలర్ ఫ్రేముకి బిగించి, జాక్ దించుతారు. వంగిన కడ్డీలు నిటారు కావాలని చూస్తూ, వెనక కూరుకుపోయిన కారుని ముందుకి ఒత్తుతాయి. లేచిపోయిన బరువులో చాలాభాగం ముందు చక్రాల మీదికి తిరిగొస్తుంది. తెలిసినవాళ్ళు టేపు పట్టుకుని, ముందు చక్రం మీది ఫెండర్ ఎత్తుని తగిలించకముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలుస్తారు. పెరిగిన ఎత్తు మళ్ళీ తగ్గితే కడ్డీలు పని చేస్తున్నట్టు.

యూరప్‌లో ఈ కడ్డీలు దాదాపు కనిపించవు. అక్కడి పల్చని ఛాసిస్ ఆ వంపు బలాన్ని తట్టుకునేలా కట్టింది కాదు. పైగా 75 కిలోల బరువుకి ఆ అవసరమూ పెద్దగా రాదు. బదులుగా బంతిని గట్టిగా పట్టుకునే కొక్కెం వాడతారు. ఆల్కో, వింటర్‌హాఫ్ కంపెనీల కొక్కేల్లో లోపల రాపిడి ప్యాడ్లు ఉంటాయి. మీట నొక్కగానే అవి బంతిని బిగించి, ట్రెయిలర్ అటూ ఇటూ తిరగబోతే రాపిడితో ఆపుతాయి. అందుకే యూరప్‌లో ఆ బంతి పొడిగా ఉండాలి, గ్రీజు చుక్క అంటినా ప్యాడ్లు పాడవుతాయి. అమెరికాలో బంతికి గ్రీజు పూయకపోతే తప్పు. బంతుల సైజు కూడా వేరు. యూరప్‌లో 50 మిల్లీమీటర్లు, అమెరికాలో బాగా వాడే రెండంగుళాల బంతి 50.8. కంటికి ఒకటే. కానీ ఆ 0.8 మిల్లీమీటర్ల వల్ల యూరప్ కొక్కెం అమెరికా బంతి మీద సరిగ్గా కూర్చోదు. కూర్చుందనుకుని బయల్దేరడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

బ్రేకుల దగ్గర తేడా ఇంకా ఆసక్తిగా ఉంటుంది. యూరప్ క్యారవాన్‌కి కారునుంచి బ్రేకు వైరు ఏమీ ఉండదు. కారు నెమ్మదించగానే వెనకనుంచి క్యారవాన్ కారుని నెడుతుంది. ఆ నెట్టుడికి కొక్కెం వెనకున్న కడ్డీ లోపలికి జారుతుంది, అది మీటని తోస్తుంది, మీట కేబుళ్ళని లాగుతుంది, డ్రమ్ములో బ్రేకు షూలు తెరుచుకుంటాయి. క్యారవాన్ ఎంత గట్టిగా నెడితే తన బ్రేకు తనే అంత గట్టిగా వేసుకుంటుంది. రివర్సులో కూడా కడ్డీ లోపలికే జారుతుంది కాబట్టి, చక్రం వెనక్కి తిరిగితే బ్రేకు వదిలేసే ఏర్పాటు డ్రమ్ములోనే ఉంటుంది. చట్టం ఈ పద్ధతిని 3,500 కిలోల వరకూ ఒప్పుకుంటుంది. 750 కిలోలు దాటిన ట్రెయిలర్‌కి బ్రేకు తప్పనిసరి. అమెరికా స్ప్రింగు కడ్డీలు తెచ్చి దీనికి బిగిస్తే ఆ జారే కడ్డీ బిగుసుకుపోయి బ్రేకే సరిగ్గా పడకపోవచ్చు. ఒక దేశం మందు ఇంకో దేశం రోగికి పనికిరాదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

అమెరికాలో ట్రెయిలర్ బ్రేకులు కరెంటువి. డ్రమ్ములో విద్యుదయస్కాంతం ఉంటుంది, కారు డాష్‌బోర్డు దగ్గరున్న కంట్రోలర్ దానికి కరెంటు పంపుతుంది. దీనివల్ల డ్రైవర్ చేతికి వచ్చే లాభం పెద్దది. ట్రెయిలర్ తోక ఊపడం మొదలైందంటే కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగ్ కంగారుగా తిప్పకూడదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, కంట్రోలర్ మీదున్న చిన్న మీటతో ఒక్క ట్రెయిలర్ బ్రేకే వేయాలి. వెనకనుంచి పట్టి లాగినట్టయి జోడీ తిన్నగా అవుతుంది. యూరప్ డ్రైవర్‌కి ఆ మీట లేదు. ఆ లోటు తీర్చడానికే ఊపుని సెన్సర్‌తో పసిగట్టి, క్యారవాన్ బ్రేకుని తానే లాగే ఎలక్ట్రానిక్ పెట్టెలు అక్కడ వచ్చాయి. కొత్త కార్లలో రెండు చోట్లా కారే తన చక్రాలకి విడివిడిగా బ్రేకు వేసి ఊపు ఆపే ప్రోగ్రామూ ఉంటోంది.

లైట్లు, ప్లగ్గులు, కరెంటు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. యూరప్‌లో 13 పిన్నుల ప్లగ్గు, 230 వోల్టులు, పసుపు రంగు ఇండికేటర్లు. అమెరికాలో 7 పిన్నులు, 120 వోల్టులు, బ్రేకు లైటే మినుకుమంటూ ఇండికేటర్‌గా పనిచేసే పద్ధతి. సముద్రం దాటించి ట్రెయిలర్ తెచ్చుకునేవాళ్ళకి వీటితో ఖర్చు, తలనొప్పి తప్ప లోతైన కారణాలేమీ లేవు.

అంకె ఎలా పుడుతుంది

యూరప్ నిబంధన ప్రకారం, నిండా బరువున్న జోడీ 12 శాతం ఎత్తున్న చడావు మీద అయిదు నిమిషాల్లో అయిదుసార్లు ఆగి బయల్దేరగలగాలి. అమెరికాలో ఎస్ఏఈ అనే వాహన ఇంజనీర్ల సంఘం 2008లో తెచ్చిన జే2807 ప్రమాణంలో కూడా 12 శాతం చడావు పరీక్ష ఉంది. కానీ అది అక్కడితో ఆగదు. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర మొదలయ్యే 11.4 మైళ్ళ ఘాట్ రోడ్డు ఒకటుంది. దాదాపు 38 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టుకుని, వేగం 40 మైళ్ళ కిందికి పడకుండా ఆ ఘాట్ ఎక్కాలి. 0 నుంచి 60 మైళ్ళ వేగానికి 30 సెకన్లలో చేరాలి. పైగా బంతి మీద 10 శాతం బరువు పెట్టి ఈ పరీక్షలు చేయాలి. ఈ ప్రమాణం రాకముందు ఒక్కో కంపెనీ తనకి తోచిన అంకె వేసుకునేది. 2011 మోడళ్ళతో టయోటా ముందుగా దీన్ని పాటించింది, మిగతావాళ్ళు తర్వాత వచ్చారు.

అయితే యూరప్ అంకె ప్రతిసారీ పెద్దదే అనుకోకూడదు. టెస్లా మోడల్ వైకి యూరప్‌లో 1,600 కిలోలు, అమెరికాలో 3,500 పౌండ్లు, అంటే 1,588 కిలోలు. రెండూ ఒకటే. ఆ బరువుకి సరిపడా వెనక భాగం కడితే ఖండాల మధ్య తేడా దానంతటదే మాయమవుతుంది. పికప్‌లు అమ్ముకోవాలన్న ఆశ కంపెనీలకి లేదని నేననను, కానీ మొత్తం తేడాని దాని మీదికే తోసేస్తే ఈ లెక్క కుదరదు.

లైసెన్సులో కూడా ఇదే తేడా కనబడుతుంది. యూరోపియన్ యూనియన్‌లో మామూలు బి లైసెన్సుతో 750 కిలోలు దాటిన ట్రెయిలర్ లాగాలంటే, కాగితాల ప్రకారం కారూ ట్రెయిలర్ కలిపి అనుమతించిన బరువు 3,500 కిలోలు దాటకూడదు. దాటితే బి96 అనే అదనపు అనుమతి, ఇంకా దాటితే బీఈ అనే లైసెన్సు కావాలి, ఒక్కోదానికి శిక్షణో పరీక్షో ఉంటుంది. ఇంగ్లండ్ 2021 డిసెంబరులో బీఈ పరీక్ష ఎత్తేసింది. అమెరికాలో చాలాచోట్ల మామూలు కారు లైసెన్సుతోనే పది మీటర్ల ట్రెయిలర్‌ని లాక్కుపోవచ్చు. ఇది నాకు మింగుడుపడని విషయం. బరువుకి అంత జాగ్రత్త పడిన వ్యవస్థ డ్రైవర్ శిక్షణని గాలికి వదిలేసింది.

కొనే ముందు ఏ అంకె చూడాలి

అమెరికాలో ఉన్నవాళ్ళు బ్రోచర్లో పెద్ద అక్షరాల్లో ఉన్న టో రేటింగ్ (ఎంత లాగొచ్చో చెప్పే అంకె) చూసి మోసపోతుంటారు. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాన్లు కలిపి ఎంత మించకూడదో అందులో ఉంటుంది. ఒక పికప్‌కి ఆ అంకె 1,500 పౌండ్లు అనుకుందాం. 6,500 పౌండ్ల ట్రెయిలర్ తగిలిస్తే 13 శాతం లెక్కన 845 పౌండ్లు బంతి మీదికే పోతాయి. హిచ్ సామాను ఇంకో 100. మిగిలింది 555 పౌండ్లు. ఒక్కొక్కరు 150 పౌండ్లున్న నలుగురు పెద్దవాళ్ళు కూర్చుంటే 600. ట్రెయిలర్ బరువు పికప్ బ్రోచర్లోని అంకెకి ఇంకా చాలా దూరంలోనే ఉండొచ్చు, కానీ ఐస్ బాక్సు ఎక్కించకముందే పికప్ పరిమితి దాటేసింది.

యూరప్‌లో ఉన్నవాళ్ళు చూడాల్సింది ఇంకోచోట. జర్మనీ రిజిస్ట్రేషన్ కాగితంలో ఓ.1 దగ్గర బ్రేకులున్న ట్రెయిలర్ పరిమితి, 13వ గడిలో బంతి మీద బరువు పరిమితి ఉంటాయి. కొక్కేనికి సొంత పరిమితి ఉంటుంది, క్యారవాన్ మూతికి ఇంకోటి. వీటన్నిటిలో ఏది తక్కువైతే అదే మీ అంకె. ఇంగ్లండ్ క్లబ్బులు కొత్తవాళ్ళకి ఇంకో సలహా ఇస్తాయి: క్యారవాన్ గరిష్ఠ బరువు ఖాళీ కారు బరువులో 85 శాతం దాటనివ్వొద్దని. అది చట్టం కాదు, కానీ మొదటిసారి బయల్దేరేవాళ్ళు తప్పక పాటించాల్సిన సలహా. మిగతాది బాత్రూం వెయింగ్ మెషీన్ చెప్పేస్తుంది. దాని మీద తగినంత ఎత్తుకి కోసిన చెక్క ముక్క నిలబెట్టి, క్యారవాన్ మూతిని దాని మీదికి దించితే బంతి మీద ఎంత పడుతుందో కిలోల్లో కనిపిస్తుంది. సామాన్లన్నీ సర్దాకే కొలవాలి. ముందు పెట్టెలో ఉన్న రెండు గ్యాస్ సిలిండర్లని మర్చిపోయి కొలిస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు.